1905 ఐర్లాండ్ హర్లింగ్ (కర్రలతో బంతిని కొట్టే ఆట) టైటిల్ అసలు ఎవరిది? కార్క్‌దా, కిల్‌కెన్నీదా?

హర్లీ_పిచ్చోడు:
రికార్డుల్లో కిల్‌కెన్నీది. ఫైనల్ గెలిచింది మాత్రం కార్క్! ఆ రోజుల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టంటే అక్కడి ఛాంపియన్ క్లబ్బే, పక్క క్లబ్బుల నుంచి కొందరిని కలుపుకునేది. కార్క్ తరఫున సెయింట్ ఫిన్‌బార్స్, కిల్‌కెన్నీ తరఫున ఎరిన్స్ ఓన్. 1905 ఫైనల్ ఆడింది 1907 ఏప్రిల్‌లో (సీజన్లు అప్పట్లో అలాగే సాగేవి). కార్క్ 5 గోల్స్, 10 పాయింట్లు. కిల్‌కెన్నీ 3 గోల్స్, 13 పాయింట్లు. గోల్‌కు మూడు చొప్పున లెక్కేస్తే 25-22. కార్క్ గోల్‌కీపర్ మెకార్తీ బ్రిటిష్ ఆర్మీ రిజర్విస్టు, అతను ఆడకూడదని కిల్‌కెన్నీ ఫిర్యాదు చేసింది. మీ ఆటగాడు మాట్ గార్గన్ ఇదే పోటీల్లో వాటర్‌ఫర్డ్ కౌంటీకి ఆడాడుగా అని కార్క్ ఎదురు ఫిర్యాదు పెట్టింది. దాంతో మ్యాచ్ మళ్లీ ఆడించారు. ఇది అన్యాయం కాదా?

ఓరుగల్లు_వాదం:
రూల్ ముందే ఉంది కదా అన్నా. హర్లింగ్ నడిపే గేలిక్ అథ్లెటిక్ సంఘం 1884లో పుట్టిందే ఐరిష్ జాతీయ భావంతో. బ్రిటిష్ సైన్యంతో సంబంధం ఉన్నవాణ్ని ఆడించి, దొరికాక ఏడిస్తే ఎలా?

కార్క్_కోడలు:
రూల్ ఉందండీ, కాదనను. కానీ రెండు తప్పులూ ఒకటేనా? మెకార్తీ ఉద్యోగం వల్ల కార్క్‌కి ఒక్క పాయింటైనా ఎక్కువొచ్చిందా? గార్గన్ సంగతి అలా కాదు. ఒకే ఛాంపియన్‌షిప్‌లో రెండు కౌంటీలకు ఆడటం ఆటనే దెబ్బతీస్తుంది. మా మండల కబడ్డీ పోటీల్లో అయితే అలాంటి జట్టును ఇంటికి పంపేవాళ్లు.

లెక్కల_మాస్టారు:
పంపితే టైటిల్ కార్క్‌కి రాదమ్మా, ఎవరికీ రాదు. ఇద్దరూ దోషులే కాబట్టి మళ్లీ ఆడించడమే దారి. డంగార్వన్‌లో ఆ రీప్లే స్కోరు చూశారా? కిల్‌కెన్నీ 7 గోల్స్, 7 పాయింట్లు. కార్క్ 2 గోల్స్, 9 పాయింట్లు. అంటే 28-15.

హర్లీ_పిచ్చోడు:
మాస్టారూ, అది జూన్ 30న. రెండున్నర నెలల తర్వాత ఆడింది వేరే మ్యాచ్. ఏప్రిల్ మ్యాచ్‌లో ఎవరు మెరుగో అది చెప్పదు.

లెక్కల_మాస్టారు:
చెప్పాల్సిన పనే లేదు. ఏప్రిల్ మ్యాచ్ రద్దయింది. 13 పాయింట్ల తేడా ఏ గోల్‌కీపర్ వల్ల వచ్చిందంటారు?

కార్క్_కోడలు:
సైనికుల మీద ఆ నిషేధాన్ని 2001లో సంఘమే ఎత్తేసింది. పాపం మెకార్తీకి మాత్రం టైటిల్ దక్కలేదు.

ఓరుగల్లు_వాదం:
తర్వాత రూల్ మారితే పాత ఫలితం మారదు అక్కా. అసలు అడగాల్సింది 1911 ఫైనల్ గురించి, కిల్‌కెన్నీకి లిమరిక్ కౌంటీతో. కార్క్‌లోని గ్రౌండ్ నీళ్లతో నిండింది, మ్యాచ్ థర్ల్స్ ఊరికి మార్చారు, లిమరిక్ అక్కడికి రానంది. ఫైనల్ ఆడకుండానే కిల్‌కెన్నీకి టైటిల్!

హర్లీ_పిచ్చోడు:
అది వేరే థ్రెడ్‌లో పెట్టు తమ్ముడూ, అక్కడ నేను నీ పక్షమే. ఇక్కడ గార్గన్ మాట తేల్చు.