థొరాంగ్ లా దాటే రోజు: ముందు రాత్రి ఫేదీలో పడుకోవాలా, హై క్యాంపులోనా?

ప్రశ్న: నల్లకుంట_నడక

అందరికీ నమస్కారం. దసరా వెళ్లగానే మిత్రులతో కలిసి నేపాల్‌లోని కొండల్లో రోజుల తరబడి సాగే కాలినడక దారి, అన్నపూర్ణ సర్క్యూట్‌కు బయలుదేరుతున్నాను. మిగిలిన రోజుల గురించి పెద్దగా దిగులు లేదు గానీ, 5416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమను దాటి ముక్తినాథ్‌కు దిగే రోజు గురించి చదివిన కొద్దీ గుబులు పెరుగుతోంది. కనుమ కిందనున్న ఫేదీ మజిలీ నుంచి బయలుదేరితే దాదాపు 1000 మీటర్లు ఎక్కి, ఆ రోజే మరో 1600 మీటర్లు దిగాలి. ముందు రాత్రి ఇంకా పైనున్న హై క్యాంపులో గడిపితే సగం ఎక్కుడు తగ్గిపోతుందని మా వాళ్ల వాదన. నా వయసు 46. రోజూ కేబీఆర్ పార్కులో నడుస్తాను, ఆదివారాలు గోల్కొండ ఎక్కుతాను, దిగేటప్పుడు మాత్రం కుడి మోకాలు సతాయిస్తుంది. మా అమ్మానాన్నలు ఆ రోజే పోఖరా నుంచి జీపులో నేరుగా ముక్తినాథ్ చేరుకుంటారు. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి అందరం కలిసి దర్శనం చేసుకోవాలన్నది వారి కోరిక. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: తార్నాక_బాటసారి

ఫేదీలోనే పడుకోండి. 3000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికీ మరుసటి రాత్రి పడుకునే చోటికీ 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదన్నది పర్వతారోహణ వైద్యులు చెప్పే లెక్క. 3540 మీటర్ల మనాంగ్‌లో రెండు రాత్రులు ఆగి, 4050 మీటర్ల దగ్గర యాక్ ఖర్కాలో ఒక రాత్రి గడిపి, 4450 మీటర్ల దరిదాపుల్లోని ఫేదీకి చేరితే ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. యాక్ ఖర్కా నుంచి నేరుగా హై క్యాంపుకు పోతే ఒక్కరోజులో 800 మీటర్లకు పైగా ఎక్కినట్టు అవుతుంది. అక్కడ చలికి, ఊపిరి అందక, రాత్రంతా అటూ ఇటూ పొర్లి, నిద్ర లేని కళ్లతో కనుమ ఎక్కడం కంటే ఫేదీ నుంచి ఒక గంట ముందు లేవడం నయం. మధ్యాహ్నానికే ఫేదీ చేరి ఒంట్లో బాగుంటే, బరువు అక్కడే దించి హై క్యాంపు దాకా ఎక్కి, టీ తాగి, తిరిగి కిందికి వచ్చి పడుకోవచ్చు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు హెడ్ ల్యాంపులు పెట్టుకుని బయలుదేరేది సరదాకు కాదు, పొద్దెక్కిన కొద్దీ కనుమ మీద గాలి ఉధృతమై నిలబడనివ్వదు. హై క్యాంపు దాటాక దారి అంత నిటారుగా ఉండదు గానీ మనిషిని విసిగిస్తుంది: ఎదురుగా కనబడే గుట్టే చివరిదనుకుని ఎక్కితే, దాని వెనక మరొకటి నిలబడి ఉంటుంది. పది అడుగులు వేయడం, కర్ర మీద ఒరిగి రొప్పడం, మళ్లీ పది అడుగులు. నీళ్ల సంచీ గొట్టం గడ్డకడుతుంది కాబట్టి నీళ్లు సీసాలో పోసి, ఉన్ని మేజోడులో దూర్చి, తలకిందులుగా పెట్టుకోండి, మంచు ముందు పైకి వచ్చిన సీసా అడుగు వైపున కడుతుంది గనుక మూత బిగుసుకుపోదు.

ఇక అందరూ ఎక్కడం గురించే మాట్లాడతారు గానీ, నా దృష్టిలో ఆ రోజు అసలు పరీక్ష దిగడమే. గోల్కొండ కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. అంటే అప్పటికే అలసిన కాళ్లతో, జారే గులకరాళ్ల మీద, పదమూడు గోల్కొండలు ఒకదాని కింద ఒకటి దిగాలన్నమాట. మీ మోకాలికి రెండు ట్రెక్కింగ్ పోల్స్ తప్పనిసరి. ఇప్పటి నుంచే మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువగా సాధన చేయండి.

జవాబు: సికింద్రాబాద్_డాక్టర్

పై సలహాతో ఏకీభవిస్తూ ఒక మాట కలుపుతాను. ఆ కనుమ మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగం దగ్గరకు పడిపోతుంది. మీ నడక, మెట్లు కాళ్లకు బలమిస్తాయి గానీ, ఎత్తు వల్ల వచ్చే జబ్బు నుంచి కాపాడవు. ఫేదీలో తలనొప్పి, వికారం ఉంటే అవి తగ్గేదాకా పైకి కదలకండి. గీత మీద నడిచినట్టు మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నప్పుడు మనిషి తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అర్ధరాత్రి అయినా సరే కిందికి దించవలసిందే. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రల విషయం వెళ్లేముందే మీ వైద్యుడితో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం ఆ మందుతో మామూలే.

మీకంటే మీ తల్లిదండ్రుల గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. మీరు రోజుల తరబడి మెల్లగా ఎక్కుతున్నారు. వారు దాదాపు 800 మీటర్ల పోఖరా నుంచి 3700 మీటర్లు దాటిన చోటికి ఒక్కరోజులో చేరబోతున్నారు. 2700 మీటర్ల జోమ్‌సోమ్‌లో కనీసం రెండు రాత్రులు ఉంచి, దర్శనం కాగానే మళ్లీ అక్కడికే తీసుకువచ్చి పడుకోబెట్టండి. 108 ధారల కింద చన్నీటి స్నానం పెద్దవారికి వద్దు, తల మీద చల్లుకుంటే చాలు.

జవాబు: విశాఖ_నుంచి_కూకట్‌పల్లి

అక్టోబరు కాబట్టి బంగాళాఖాతం మీద కూడా ఒక కన్ను వేయండి. 2014 అక్టోబరు 12న మా విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. దాని శేషమే ఉత్తరానికి సాగి, 14న మీరు వెళ్లే అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానుగా విరుచుకుపడింది. 40 మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది థొరాంగ్ లా పరిసరాల్లో చిక్కుకున్నవారే. మనాంగ్‌లోనే వాతావరణ సమాచారం కనుక్కోండి. తిరుగు టిక్కెట్టుకు ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోకపోతే, ఆగవలసిన రోజున ఆగడానికి మనసొప్పదు.

ప్రశ్న వేసినవారు: నల్లకుంట_నడక

అందరికీ ధన్యవాదాలు. అమ్మానాన్నలకు జోమ్‌సోమ్‌లో గది మాట్లాడాము, తిరుగు ప్రయాణం రెండు రోజులు జరిపాము. ఒక్క సందేహం మిగిలింది: ఫేదీలో కనుమ దాకా గుర్రాలు దొరుకుతాయట. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే గుర్రం ఎక్కించి దాటించవచ్చా?

జవాబు: సికింద్రాబాద్_డాక్టర్

కాలు బెణికినా, వట్టి అలసటే అయినా గుర్రం మాట్లాడుకోవచ్చు. తలనొప్పి, వాంతులు ఉన్న మనిషిని మాత్రం గుర్రం మీద కూడా పైకి తీసుకుపోకూడదు, మనాంగ్ వైపు దించాలి. మనాంగ్‌లో సీజనులో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్య శిబిరం ఉంటుంది. వెళ్లేటప్పుడే ఒకసారి అక్కడ కూర్చుని వారు చెప్పేది వినండి, మీ మిత్రులను కూడా వెంటబెట్టుకుని.