ఎనిమిదో తరగతి పిల్లల్ని గుడికీ దర్గాకీ చర్చికీ తీసుకెళ్లాను. తప్పు చేశానా?

సోషల్ మాస్టారు (నెల్లూరు జిల్లా):
జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మతసామరస్యం గురించి పుస్తకంలో చదివిస్తే పిల్లలు ఆవలిస్తున్నారు. అందుకని పోయిన శనివారం ఎనిమిదో తరగతి వాళ్లను నెల్లూరు తీసుకెళ్లాను. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి, స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా, చివర్లో ఒక చర్చి. క్లాసులో నోరు విప్పని వాళ్లు కూడా దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. సమాధి మీద చాదర్ ఎందుకు కప్పుతారు సార్, చర్చిలో చెప్పులు విప్పాలా వద్దా సార్, గోపురం మీద ఆ బొమ్మలన్నీ ఎవరివి సార్...

సోమవారం పొద్దున్నే ఒక తండ్రి హెడ్మాస్టర్ గదిలోకి వచ్చి "మా వాణ్ని దర్గాకు తీసుకెళ్లమని మీకెవరు చెప్పారు" అని నిలదీశాడు. ఇకమీదట ఇలాంటివి పెట్టుకోవద్దని హెచ్ఎం గారు తేల్చేశారు. మీరేమంటారు?

కావలి నాన్న:
ఆ తండ్రి నేను కాదు గానీ నాదీ ఆయన మాటే. దర్గా అంటే నాకు గిట్టదనుకునేరు. మా పెద్దాడికి ఉద్యోగం రాకపోతే రొట్టెల పండగకి అదే చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాణ్ని. ఉద్యోగం వచ్చింది. మరుసటేడు మా ఆవిడ రొట్టెలు చేసిస్తే అదే నీళ్లలో నిలబడి పంచాను కూడా. అది నా మొక్కు, నా ఇష్టం. మా చిన్నాడు ఎవరికి దండం పెట్టాలో ఇంట్లో మేం చెప్పుకుంటాం. బడికి పంపింది లెక్కలూ ఇంగ్లీషూ రావాలని.

కోర్టు వరండా:
మాస్టారూ, సగమే చెప్పారనిపిస్తోంది. పిల్లలు అక్కడ ఊరికే చూశారా, ఇంకేమైనా జరిగిందా?

సోషల్ మాస్టారు:
దాచడానికేముంది. దర్గా చూసుకునే ముజావర్ గారు నెమలీకల కట్టతో పిల్లల తలలు నిమిరారు. చర్చిలో పాస్టర్ గారు అందర్నీ కళ్లు మూసుకోమని ప్రార్థన చేశారు. గుళ్లో తీర్థం ఇచ్చి శఠగోపం పెట్టారు. వాళ్లంతా ప్రేమగానే చేశారు, వద్దనడానికి నాకు నోరు రాలేదు.

కోర్టు వరండా:
అదీ సంగతి. రాజ్యాంగం 28వ అధికరణ మొదటి క్లాజు ప్రకారం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదు. తల్లిదండ్రుల అంగీకారం మాట మూడో క్లాజులో ఉంది. అది సర్కారు గుర్తింపు ఉన్న లేదా ఎయిడ్ తీసుకునే బడులకు. మీ జడ్పీ బడిలో సంతకం తెచ్చుకున్నా మతబోధ కుదరదు. అయితే మతాల గురించి చెప్పడం మతబోధ కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కావలి ఆయన అన్నట్టు బడికి ఆ ఊసే అక్కర్లేదనడం కూడా సరికాదు.

నా లెక్కలో చాదర్ ఎందుకు కప్పుతారో వినడం చదువు. తల వంచి నెమలీకలు తగిలించుకోవడం పూజ. మీరు మొదటిదాని కోసం వెళ్లి రెండోదాంట్లోకి జారారు. ఒక్క ప్రశ్న. శఠగోపం గురించి ఎవరూ గొడవకు రాలేదేం?

పేరు వద్దు (గుంటూరు జిల్లా):
ఆ ప్రశ్నకు జవాబు నేను చెబుతా. క్లాసులో ముగ్గురో నలుగురో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి హెడ్మాస్టర్ గదికి ఎవరూ రారు. ఇబ్బంది లేక కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా క్రిస్మస్ ముందు మా టీచరు "క్రైస్తవులు ఎవరు, లేచి నిలబడండి, పండగ గురించి చెబుదురుగాని" అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. మా పేట పిల్లలం ఆరుగురం. ఆదివారం చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. ఆ రోజు ఆరుగురిలో ఒక్కరూ లేవలేదు. నేను పెన్సిల్ కింద పడేసుకుని బెంచీ కిందికి వంగాను. రిజిస్టర్లో మేమంతా హిందూ ఎస్సీ మరి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులం అని రాయిస్తే మన దగ్గర బీసీ-సి. కాగితం మారితే హాస్టల్ సీటు పోతుందని ఇంట్లో భయం. టీచరుకు ఇదంతా తెలియదు. "మన క్లాసులో ఎవరూ లేరన్నమాట" అని పాఠంలోకి వెళ్లిపోయారు.

పిల్లలకు అన్ని మతాల గురించీ చెప్పండి మాస్టారూ, తప్పకుండా చెప్పండి. కానీ ఎవరినీ మతం పేరుతో లేపకండి.

లెస్టర్ అమ్మ:
ఇంగ్లండ్‌లో సర్కారు బడుల్లో మతాల గురించిన పాఠం తప్పనిసరి సబ్జెక్టు. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసు మాన్పించుకోవచ్చు. నేను మాన్పించలేదు. కానీ ఒక రోజు మా పాప వచ్చి, దీపావళి అంటే రాముడు అయోధ్యకు తిరిగొచ్చిన రోజని రాసిన షీటు చూపించింది. మా అత్తగారికి కోపం వచ్చింది. "మరి సత్యభామ ఏమైంది? నరకాసురుణ్ని ఎవరు చంపారు?" అని. మర్నాడు పాప ఆ కథ క్లాసులో చెప్పిందట. పక్కనున్న గుజరాతీ పిల్ల "అలా కాదు" అందట. మతానికి ఒక పేజీ చొప్పున చెప్పుకుంటూ పోతే ఇదే అవుతుంది. టీచరు మాత్రం ఇద్దరి కథలూ బోర్డు మీద రాసిందని విని సంతోషించాను.

కావలి నాన్న:
శఠగోపం మాట నాకు అసలు తట్టనేలేదు, ఒప్పుకుంటున్నా. కానీ అందరూ చేస్తుంటే పక్కన నిలబడిపోయిన పిల్లాణ్ని మిగతావాళ్లు ఏడిపించరా? అప్పుడెక్కడి గౌరవం?

కోర్టు వరండా:
నేర్పాల్సింది అదేనండీ. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం పిల్లలు ముగ్గురు జాతీయగీతం వేళ లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడిలోంచి పంపేశారు. మరుసటేడు సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మర్యాదగా నిలబడితే చాలు, పాడనంత మాత్రాన అవమానించినట్టు కాదన్న ఆ తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ చిన్నపరెడ్డి గారు.

సోషల్ మాస్టారు:
నిజం చెప్పొద్దూ, మొదటి పోస్టు పెట్టినప్పుడు అందరూ నన్ను మెచ్చుకుంటారనుకున్నా. ఇప్పుడు రంగనాథస్వామి గుళ్లో నా వెనకే వచ్చిన ఒక పిల్ల గుర్తొస్తోంది. శఠగోపం దగ్గరికి వచ్చేసరికి చున్నీ సర్దుకుంటూ లైన్లో చివరికి వెళ్లిపోయింది. సిగ్గేమో అనుకున్నా.

హెచ్ఎం గారిని ఇంకోసారి అడుగుతా. ఈసారి మూడు చోట్లా ముందే వెళ్లి మాట్లాడతా. పిల్లలు చూస్తారు, అడుగుతారు, అంతే. తీర్థం, ప్రార్థన, నెమలీకలు ఉండవు. లోపలికి రానన్నవాళ్ల దగ్గర బయట ఇంకో టీచరు ఉంటారు. ఇంటికి స్లిప్పు కూడా పంపుతా.

కావలి నాన్న:
స్లిప్పులో "దర్శనం" అని రాయకండి, "చూడటానికి" అని రాయండి. సంతకం పెడతారో లేదో ఆ తండ్రి ఇష్టం. ఇంతకీ తీర్థం వద్దని పూజారి గారికి ఎలా చెబుతారు?