చిన్న మిల్లింగ్ మిషన్‌కు డీఆర్‌ఓ: గ్లాస్ స్కేలా, మాగ్నెటిక్ స్కేలా?

అన్నలూ, మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనుము లాంటి లోహాల్ని చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్ ఉంది, సరదా పనులకే. హ్యాండిల్ తిప్పే దిక్కు మార్చినప్పుడల్లా టేబుల్ కదలకముందే డయల్ పావు చుట్టు తిరిగిపోతుంది. ఆ బ్యాక్‌లాష్ లెక్క చూసుకుంటూ వరసగా బోల్టు రంధ్రాలు వేయాలంటే ప్రాణం విసుగొస్తుంది. అందుకే ఎక్స్, వై, జడ్ మూడు దిక్కులకూ డీఆర్‌ఓ (డిజిటల్ రీడౌట్, అంటే టేబుల్ ఎంత కదిలిందో స్కేలుతో కొలిచి అంకెల్లో చూపేది) బిగిద్దామని.

గ్లాస్ స్కేలు 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాకా చూపిస్తుంది, సరే. కానీ దాని బాడీ లావు. టేబుల్ వెనక బిగిస్తే వై ట్రావెల్ (టేబుల్ ముందుకూ వెనక్కూ కదిలే దూరం) తగ్గుతుంది, ఉన్నదే జానెడు! ముందు పెడితే టేబుల్ లాక్ బోల్టులకు అడ్డం. మాగ్నెటిక్ స్కేలుకుండే టేపు సన్నగా ఉంటుంది గానీ, ఇనప రజను అంటుకోదా? డిజిటల్ కాలిపర్ లాంటి చౌక స్కేళ్లు కూలెంట్ తడి తగిలితే అంకెలు గంతులేస్తాయి, వాటి జోలికి పోను.

ఇంకోటి, పక్కనే బండల పాలిష్ ఫ్యాక్టరీ. రాత్రి తుడిచి పెట్టినా పొద్దునకల్లా టేబుల్ గాడుల్లో రాతి దుమ్ము. గ్లాస్ స్కేలుకుండే రబ్బరు పట్టీలు ఇంత సన్న దుమ్మును ఆపుతాయా? లోపలికి పోతే మనమే విప్పి తుడుచుకోవచ్చా?

ఇట్లాంటి చోట వాడినోళ్లు చెప్పండి. స్కేలు వంకర లేకుండా బిగించేటప్పుడు డయల్ గేజీలో ఎంత తేడా లోపు ఉంటే చాలో కూడా.