స్పోర్ట్స్ కారుని కిందికి దించాలా, కంపెనీ ఎత్తులోనే ఉంచాలా?

ఎర్ర కూపే:
రెండేళ్ల కిందట నా కూపేకి లోయరింగ్ స్ప్రింగులు వేయించి 35 మి.మీ. దించాను. నిన్న వాటిని తీయించేసి కంపెనీ స్ప్రింగులే మళ్లీ పెట్టించాను. చూసినవాళ్లంతా "ఇదేంటి, ఇలా లేపేశావు?" అంటున్నారు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి, నిజమే. కానీ స్పీడ్ బ్రేకర్ కనిపించగానే పుట్టే టెన్షన్ పోయింది. ఇదివరకు బండిని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రమే ఎక్కించేవాణ్ణి. అయినా కింద కవర్ గర్రుమని గీసుకునేది. పక్క సీట్లో అమ్మ ఉంటే గుంత వచ్చినప్పుడల్లా డోర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకునేది. నేను చేసింది సరైన పనేనంటాను. మీరేమంటారు?

ట్రాక్ ప్రేమికుడు:
నేనొప్పుకోను బ్రదర్. పార్క్ చేసి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించకపోతే స్పోర్ట్స్ కారు ఎందుకు? పైగా ఇది లుక్ ఒక్కటే కాదు. గురుత్వ కేంద్రం దిగితే మలుపులో బయటి చక్రాల మీద పడే బరువు తగ్గుతుంది. రేసు కార్లు నేలకి అంత దగ్గరగా ఉండడానికి అదీ ఒక కారణం. మీరు డంపర్లు (షాక్ అబ్జార్బర్లు) మార్చకుండా స్ప్రింగులే మార్చారేమో, అందుకే అంత ఇబ్బంది.

పాత మెకానిక్:
గురుత్వ కేంద్రం గురించి చెప్పింది నిజమే. కానీ ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డంపర్ కలిసి ఒకే నిలువు కాలులా ఉండే సస్పెన్షన్) ఉన్న బండిని బాగా దించితే, కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) చక్రం వైపు కొస పైకి లేస్తుంది. దాంతో రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా దిగిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగిన కొద్దీ బాడీ ఒరిగే బలం కూడా పెరుగుతుంది. దించాక ఒరగడం తగ్గిందనిపిస్తే అది గట్టి స్ప్రింగుల చలవే, ఎత్తు తగ్గడం వల్ల కాదు.

నాకు అసలు బాధ సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ ఆడే దూరం) గురించి. ట్రాక్ నున్నగా ఉంటుంది, రోడ్డు ఉండదు. మలుపు మధ్యలో గుంత తగిలిందంటే, దించిన బండి వెంటనే బంప్ స్టాప్‌కి (చక్రం ఇంకా పైకి పోకుండా ఆపే దిమ్మకి) కొట్టుకుంటుంది. అప్పటిదాకా మెత్తగా ఆడిన చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి పట్టు జారుతుంది. సరిగ్గా పట్టు కావాల్సిన చోటే!

ఎత్తుగా ఉంటే స్పోర్ట్స్ కారు కాదా? పోర్షె 911 డకార్, స్పోర్ట్స్ సస్పెన్షన్ ఉన్న 911 కరెరా కన్నా 50 మి.మీ. ఎత్తు. లంబోర్గిని హురకాన్ స్టెరాటో, హురకాన్ ఈవో కన్నా 44 మి.మీ. ఎత్తు. రెండూ 2022లో బయటికొచ్చినవే.

ఎర్ర కూపే గారూ, ఎత్తు మారితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండూ మారతాయి. అలైన్‌మెంట్ చేయించారా? టైర్ల లోపలి అంచు ఒకసారి చూడండి.

ఎర్ర కూపే:
ఇప్పుడే టార్చి వేసి చూశాను అన్నా. బయటివైపు టైరు గాడులు లోతుగానే ఉన్నాయి. వెనక ఎడమ టైరు లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయింది, ఒకచోట టైరు లోపలి స్టీలు తీగ మెరుస్తోంది. నిలబడి చూస్తే కొత్త టైరులాగే ఉంది. అలైన్‌మెంట్ ఇంకా చేయించలేదు.

ట్రాక్ ప్రేమికుడు:
నా బండికి డబుల్ విష్‌బోన్ (చక్రానికి పైనా కిందా ఆర్మ్‌లు ఉండే సస్పెన్షన్), మంచి కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు-డంపర్ జతలు) ఉన్నాయి. నేను దించే ఉంచుతాను. కానీ బ్రదర్, తీగ తేలిన ఆ టైరుతో మాత్రం బండి బయటికి తీయకండి.