సీహెచ్‌సీకి (ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రానికి) దాతలు, సంస్థలు అవసరమా? (ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వాళ్ళు చెప్పండి)

వంశధార_ఒడ్డు: మా బ్లాకు సీహెచ్‌సీకి వ్యాపారుల సంఘం తరఫున ఆర్వో మెషీను, వరండాలో బెంచీలు, కాన్పుల గదికి ఇన్వర్టరు ఇచ్చాం. నెలలు నిండిన కొండ ఊళ్ళ ఆడవాళ్ళు ముందే వచ్చి ఉండే 'మా గృహా'నికి వంటపాత్రలు కూడా ఇద్దామనుకుంటున్నాం. ఊరివాళ్ళు చెయ్యి వేయకపోతే ప్రభుత్వ ఆస్పత్రి నడవదు. మీరేమంటారు?

గుణుపురం_మాస్టారు: ఒప్పుకోను. కొండ ప్రాంతంలో 80 వేల మందికి ఒక సీహెచ్‌సీ, 30 పడకలు, స్పెషలిస్టులు ఉండాలన్నది ప్రభుత్వం తనే రాసుకున్న లెక్క. బెంచీ ఇచ్చినవాళ్ళు మత్తు డాక్టర్ని తేగలరా? పేపర్లో ఫొటో పడగానే పై ఆఫీసు చేతులు దులుపుకుంటుంది. పైగా ఆ బెంచీల మీద దాత పేరు, వాళ్ళ నాన్నగారి పేరు, షాపు పేరు, ఫోన్ నంబరు!

వంశధార_ఒడ్డు: పేరు రాసుకుంటే మీకేంటి నష్టం?

మందులషాపు: ఇన్వర్టరు కోసం దాత ఎందుకండీ? 2005లో ఆరోగ్య మిషన్ వచ్చాక ఆస్పత్రి బాగోగులు చూసే రోగి కల్యాణ సమితులకు అన్‌టైడ్ నిధులు, అంటే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకునే డబ్బు, ఇస్తున్నారు. సమితికి మెడికల్ ఆఫీసరే సభ్య కార్యదర్శి. వెళ్ళి లెక్క అడగండి.

వంశధార_ఒడ్డు: అడిగితే వచ్చేసరికి ఎన్ని కాన్పులు సెల్‌ఫోన్ లైట్లో అవ్వాలో కూడా చెప్పండి.

సిరోంచ_అల్లుడు: మహారాష్ట్రలో మా గడ్చిరోలి సంగతి వినండి. అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ ఊరి ఆడవాళ్ళకే పసిబిడ్డల వైద్యం నేర్పించి మరణాలు బాగా తగ్గించింది. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇవాళ ఆశా అక్క ఇంటికొచ్చి బిడ్డని తూచి వెళ్ళే పద్ధతికి మూలం అదే. బయటి సంస్థ లేకపోతే అది జరిగేదా?

గుణుపురం_మాస్టారు: వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పని చేశారు. మనవాళ్ళు ఇచ్చింది నీళ్ళ మెషీను. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ల్యాబ్_తమ్ముడు: సంస్థల గురించి నన్నడగండి. ఒకదాని తరఫున సీహెచ్‌సీ ల్యాబులో పని చేశాను. ప్రాజెక్టు అయిపోగానే మైక్రోస్కోపుతో సహా సర్దుకుపోయారు. సరిగ్గా మలేరియా రోజులు. రక్తం స్లైడు తీస్తే చూసే దిక్కు లేదు. నాకు రావాల్సిన ఆఖరి జీతం ఇంకా రాలేదు.

మందులషాపు: జీతం వేరే విషయం తమ్ముడూ.

ల్యాబ్_తమ్ముడు: మీకు వేరే. నాకు కాదు.

వంశధార_ఒడ్డు: మేం ఇచ్చింది వెనక్కి పట్టుకుపోలేదు కదా. బెంచీ మీద పేరొక్కటే మాస్టారికి గుచ్చుకుంటోంది.

గుణుపురం_మాస్టారు: సూటిగా అడుగుతాను. మీ ఇంట్లో కాన్పులన్నీ ఎక్కడ? పాతపట్నం దాటి శ్రీకాకుళంలో. మీరు ఇచ్చిన బెంచీ మీద మీ ఇంటివాళ్ళు ఎప్పుడైనా కూర్చున్నారా?

వంశధార_ఒడ్డు: ఇంటి ఆడవాళ్ళని మధ్యలోకి లాగడం ఏం మర్యాద? పెద్దవారని ఊరుకుంటున్నాను.

గుణుపురం_మాస్టారు: ఊరుకోకండి, చెప్పండి. ఆ వరండాలో రాత్రిళ్ళు దుప్పటి పరుచుకునేది కొండ దిగొచ్చే సవర గిరిజనులు. సమితి మీటింగులో వాళ్ళ తరఫున ఒక్క మనిషీ లేడు. దాతగా మీకు మాత్రం కుర్చీ వేశారు. వంటపాత్రలు ఏవి కావాలో ఆ ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా?

వంశధార_ఒడ్డు: అదా మీ బాధ! తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నాం. అయినా ఓపీ చీటీ దగ్గర మా అమ్మ తెలుగులో మాట్లాడితే "మీ ఆంధ్రాకి వెళ్ళండి" అన్నారు. ఇప్పుడు సమితిలో మన మాట వినే కుర్చీ ఒకటి దొరికింది. దాన్నీ వదులుకోమంటారా? డబ్బు పెట్టకపోతే ఆ కుర్చీ వేసేవారా?

గుణుపురం_మాస్టారు: డబ్బు పెడితేనే కుర్చీ అయితే సవరవాడు ఏం పెట్టి కొనుక్కోవాలి?

స్టాఫ్_నర్సమ్మ: కుర్చీలు తర్వాత. బెంచీలు గోడకి బిగించేశారు, స్ట్రెచరు తిరగడం లేదు. కొనేముందు మమ్మల్నీ ఎవరూ అడగలేదు.

సిరోంచ_అల్లుడు: మీటింగు తేదీ, ఖర్చుల లెక్క ఓపీ గోడ మీద అంటించాలని, సవర ఊళ్ళ నుంచి ఇద్దరిని సమితిలోకి తీసుకోవాలని అందరూ కలిసి కలెక్టరుకి రాయొచ్చుగా?

వంశధార_ఒడ్డు: రాద్దాం. ముందు మాస్టారు మా ఇంటి సంగతి ఎత్తినందుకు సారీ చెప్పాలి.

గుణుపురం_మాస్టారు: అర్జీ నేను రాస్తాను. సారీ చెప్పను.