అప్‌డేట్: 'క్యాండిడ్' సంగతి తేలింది

మొన్న నేను అడిగింది ఇదీ: చెల్లి పెళ్లికి బ్రాడీపేటలో ఒక ఫొటోగ్రాఫర్ కొటేషన్ ఇస్తూ 'క్యాండిడ్'కి విడిగా రేటు వేశాడు. ఆ మాటకు అర్థమేంటి, లాటిన్ నుంచి వచ్చిందంటారు, నిజమేనా? జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నిజమే. లాటిన్‌లో 'కాండిదుస్' అంటే తళతళలాడే తెలుపు. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు సుద్దతో తెల్లగా మెరిపించిన టోగా చుట్టుకుని జనంలో తిరిగేవారు. క్యాండిడేట్ అక్కడిదే. (ఎలక్షన్లప్పుడు గుంటూరులో ఇస్త్రీ మడత నలగని ఖద్దరు చొక్కాలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.) క్యాండిల్ కూడా 'మెరవడం' అనే ఆ ధాతువు నుంచే. నాకు బాగా నచ్చింది మాత్రం, సంస్కృతంలోని 'చంద్ర' కూడా ఆ కుటుంబమేనన్న మాట. 17వ శతాబ్దంలో 'క్యాండిడ్' ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడూ మొదట తెలుపే. తర్వాత కల్మషం లేని, ఆపైన దాపరికం లేని అనే అర్థాలకు మారింది. పోజు లేని ఫొటోకి ఆ పేరు 1930ల నాటికి, చిన్న కెమెరాలొచ్చాక స్థిరపడింది.

ఇక కొటేషన్. అమ్మకి ఇదంతా చెబితే, "తలంబ్రాలప్పుడు ఎవడు చూస్తాడ్రా కెమెరా వంక? దానికి వేరే డబ్బులా?" అంది. బేరం ఆవిడే ఆడింది. క్యాండిడ్ ఉంచాం, డ్రోన్ తీసేయించాం.