జెడీఎం ప్రోగ్రామర్‌లో పిక్ చిప్ రీడ్ అవ్వట్లేదు, అన్నీ సున్నాలే

గాజువాక_కుర్రాడు:
పిక్ 16ఎఫ్628ఏ మైక్రోకంట్రోలర్ చిప్ కోసం జెడీఎం (సీరియల్ పోర్ట్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే చిన్న సర్క్యూట్) కట్టాను. ఐసీ-ప్రోగ్ సాఫ్ట్‌వేర్‌లో రీడ్ కొడితే అన్నీ 0000. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ వాడుతున్నా. బీసీ547 ట్రాన్సిస్టర్లు దొరక్క 2ఎన్2222లు రెండు వేశాను. చిప్ పీజీఎం కాలు గ్రౌండ్‌కి కలపాలా? శనివారం ప్రాజెక్ట్ రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం_మాస్టారు:
తమ్ముడూ, ముందు ఆ కేబుల్ తీసెయ్. జెడీఎంకి వేరే సప్లై ఉండదు, పోర్ట్ ఇచ్చే వోల్టేజీతోనే నడవాలి. చిప్ 4వ కాలికి దాదాపు 13 వోల్టులు అందాలి. కేబుళ్లు చాలావరకు 5, 6 దగ్గరే ఆగిపోతాయి.

సీతమ్మధార_88:
నేను కేబుల్‌తోనే రాశాను. చిప్‌కి ఇరవై నిమిషాలు పట్టింది, కానీ ఎక్కింది. ప్రతి బిట్టూ యూఎస్‌బీ మీదుగా వెళ్లాలి కాబట్టి ఆలస్యం, అంతే.

మద్దిలపాలెం_మాస్టారు:
13 వోల్టులు ఎక్కడివి?

సీతమ్మధార_88:
బయటి సప్లై ఇచ్చాను.

మద్దిలపాలెం_మాస్టారు:
మరి అది జెడీఎం ఎలా అవుతుంది? ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ! కుర్రాడు మీ మాట నమ్మి రెండు రోజులు పోగొట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఇవే నేర్పుతున్నాను.

సీతమ్మధార_88:
ఏళ్లు లెక్క చెప్పి నోరు మూయించకండి. కేబుల్‌తో అసలు కుదరదన్నట్టు రాశారు, అది తప్పు.

పెదవాల్తేరు_రేడియో:
నాకు ఈ సున్నాలు వేరేలా వచ్చాయి. మా ఇల్లు బీచ్‌కి రెండు వీధుల అవతల. ఏడాది తిరిగేసరికి 9 పిన్నుల కనెక్టర్‌లో పచ్చగా చిలుం పట్టింది. పాత టూత్‌బ్రష్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దితే 5వ పిన్ను మళ్లీ మెరిసింది, చిప్ పలికింది. ఉప్పుగాలిని తేలిగ్గా తీసుకోకండి.

కంచరపాలెం_సోల్డర్:
2ఎన్2222 సంగతి ఎవరూ చూడలేదా? చదును వైపు మన మొహానికి పెడితే బీసీ547 ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ 2222లు కొన్ని ఇలాగే వస్తాయి, కొన్ని సరిగ్గా తిరగేసి ఉంటాయి. మీటర్‌తో తేల్చుకో. ఇంకోటి, మీటర్ నల్ల తీగ పోర్ట్ గ్రౌండ్‌కి పెట్టి కొలవకు బాబూ. జెడీఎంలో ఆ గ్రౌండ్ వెళ్లేది చిప్ 14వ కాలికి, అంటే ప్లస్‌కి. నల్ల తీగ చిప్ 5వ కాలికి పెట్టు.

మద్దిలపాలెం_మాస్టారు:
ఇది కరెక్ట్. నేను చూసుకోలేదు.

గాజువాక_కుర్రాడు:
అన్నా, రెండూ తిరగేసే ఉన్నాయి! ఊడదీసి మార్చాను. కేబుల్‌తో అయినా సున్నాలే. కాలేజీ ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్‌కి పెడితే 4వ కాలి దగ్గర 13.1 వచ్చింది. రీడ్ కొడితే వరసంతా 3ఎఫ్ఎఫ్ఎఫ్, ఖాళీ చిప్! ఇప్పుడే ఎల్ఈడీ ప్రోగ్రాం ఎక్కించాను, వెరిఫై ఓకే.

సీతమ్మధార_88:
బయటి సప్లై ఇచ్చుంటే ల్యాప్‌టాప్‌తోనే అయ్యేది. సర్క్యూట్ రాత్రికి పెడతాను.

పెదవాల్తేరు_రేడియో:
తమ్ముడూ, ఆ ల్యాబ్‌లో పాత సీరియల్ కార్డులు ఏమైనా మూలన పడున్నాయా?